హరిత ఉక్కు, నల్లని పొలుసు

హైదరాబాద్‌లో అబిడ్స్ జీపీవో నుంచి నాంపల్లి స్టేషన్ వైపు వెళ్లే దారుల్లో ఎప్పుడూ ఏదో ఒక కట్టడం నడుస్తూనే ఉంటుంది. పాత మిద్దె పడగొట్టి కొత్తది లేపేవాళ్లు కొందరు, దుకాణం మీద ఇంకో అంతస్తు వేసేవాళ్లు కొందరు. రోడ్డు వారగా దింపిన టీఎంటీ రాడ్ల కట్ట దగ్గర ఒక్క నిమిషం ఆగి చూడండి. వాన తగలని కొత్త రాడ్డు ఎర్రగా ఉండదు. నీలం కలిసిన నలుపులో, కాస్త నిగారింపుతో ఉంటుంది. రింగుల కోసం దాన్ని వంచినప్పుడు వంపు బయటివైపున ఆ నలుపు చిట్లి, సన్నని రేకులుగా రాలుతుంది. ఒక రేకును చేతిలోకి తీసుకుని నలిపితే పొడి అవుతుంది. అయస్కాంతం దగ్గరకు తెస్తే అంటుకుంటుంది. అది తుప్పు కాదు, మిల్లువాళ్లు వేసిన రంగూ కాదు. ఎర్రగా కాలిన ఇనుము చుట్టూ ఉన్న వాయువుల్లోంచి ఆక్సిజన్‌ను పట్టుకుని తనపై తానే కట్టుకున్న పొర. కొలిమి దగ్గర దాన్ని పొలుసు అంటారు, రోలింగ్ మిల్లులో స్కేల్ అంటారు.

ఇల్లు కట్టుకునేవారికి ఈ పొలుసుతో పని తక్కువే. రాడ్డుకు గట్టిగా అంటుకుని ఉన్న పొర కాంక్రీటులో ఉండిపోయినా నష్టం లేదు. వదులై ఊడిపోతున్న పొలుసును, రేగిన తుప్పును మాత్రం తీసేయాలని మన కాంక్రీటు ప్రమాణం ఐఎస్ 456 చెబుతుంది. గేట్లు, గ్రిల్స్ చేయించుకునేవారికి మాత్రం పని ఉంది. పొలుసు మీదే రంగు పూయిస్తే కొన్నాళ్లకు పొలుసు లేస్తుంది, దానితోపాటు రంగూ లేస్తుంది. వెల్డింగ్ షాపులో రంగుకు ముందు గట్టిగా రుద్దించుకోండి. ఖర్చుకు తగ్గ ఫలితం ఉంటుంది.

ఇప్పుడు ఈ పొలుసు గురించి ప్రత్యేకంగా చెప్పుకోవడానికి కారణం ఉక్కు తయారీలో రాబోతున్న మార్పు. బొగ్గు తగ్గించి, హైడ్రోజన్, కరెంటు, పాత తుక్కు వాడి ఉక్కు చేయాలని ప్రపంచమంతా ప్రయత్నిస్తోంది. దాన్నే హరిత ఉక్కు అంటున్నారు. అది జరగాల్సిన పని, జరిగి తీరాలి. అయితే కొలిమిలో మంట మారినా, కొలిమిలోకి వెళ్లే లోహం మారినా ముందుగా దెబ్బ తగిలేది ఉక్కు పైపొరకే. దీని గురించి ఇంజినీర్లు తమలో తాము మాట్లాడుకుంటున్నారు కానీ బయటివారికి చెప్పేవారు తక్కువ.

మిల్లులో జరిగేది చూద్దాం. కరిగిన ఉక్కును మొదట బిల్లెట్లుగా పోస్తారు. బిల్లెట్ అంటే నలుచదరపు పొడవాటి దిమ్మె. దాన్ని రాడ్డుగా సాగదీయాలంటే మెత్తబడాలి. అందుకని రీహీటింగ్ కొలిమిలో పెట్టి 1100 నుంచి 1250 డిగ్రీల సెల్సియస్ దాకా వేడి చేస్తారు. గంటో రెండు గంటలో, దిమ్మె పెద్దదైతే ఇంకా ఎక్కువసేపో అది మంటలో ఉంటుంది. అంత వేడిలో ఇనుము ఖాళీగా ఉండదు. లోపలి ఇనుప అయాన్లు పొర గుండా బయటికి నడిచి ఆక్సిజన్‌తో కలుస్తుంటాయి. అలా మూడు పొరలు ఏర్పడతాయి. లోహాన్ని ఆనుకుని వుస్టైట్, దానిమీద మాగ్నటైట్, అన్నిటికన్నా పైన పల్చగా హెమటైట్. మొత్తం మందంలో 95 శాతం దాకా వుస్టైటే. పొర మందమయ్యేకొద్దీ ఇనుము నడవాల్సిన దూరం పెరుగుతుంది కాబట్టి పెరుగుదల క్రమంగా నెమ్మదిస్తుంది, ఆగిపోదు.

నష్టం ఎంత? 125 మిల్లీమీటర్ల చదరపు బిల్లెట్‌కు నాలుగు వైపులా మూడో వంతు మిల్లీమీటరు లోహం పొలుసైపోతే చాలు, బరువులో ఒక శాతానికి కాస్త పైనే పోయినట్టు. మామూలు కొలిముల్లో ఒకటి రెండు శాతం పోవడం సాధారణం. దేశంలో 2023–24లో ముడి ఉక్కు ఉత్పత్తి 14 కోట్ల టన్నులు దాటింది. అందులో ఒక్క శాతమంటే 14 లక్షల టన్నులు. రాలిన పొలుసు పూర్తిగా వృథా కాదు. బరువులో దాదాపు 70 శాతం ఇనుమే కాబట్టి పెద్ద కర్మాగారాలు దాన్ని పోగుచేసి మళ్లీ ఖనిజం నుంచి ఇనుము తీసే బ్లాస్ట్ ఫర్నేస్ దారిలో పంపుతాయి. కానీ ఒకసారి ఉక్కుగా మారినదాన్ని మళ్లీ ఖనిజం స్థితికి తెచ్చి, మళ్లీ ఇంధనం కాల్చి ఇనుముగా చేయడమంటే చేసిన పనినే రెండోసారి చేయడం.

ఇక మంట సంగతి. ఈ విషయమంతటికీ కీలకం ఇక్కడే ఉంది. కొలిమిలో బిల్లెట్ చుట్టూ ఉండేది మామూలు గాలి కాదు, ఇంధనం కాలగా మిగిలిన వాయువులు. సహజవాయువును గాలితో సరిగ్గా కాల్చితే ఆ వాయువుల్లో నీటి ఆవిరి 19 శాతం, కార్బన్ డయాక్సైడ్ తొమ్మిదిన్నర శాతం ఉంటాయి. మిగతాది నైట్రోజన్. అదే హైడ్రోజన్‌ను గాలితో కాల్చితే కార్బన్ డయాక్సైడ్ అసలు ఉండదు, నీటి ఆవిరి మాత్రం 35 శాతానికి చేరుతుంది. గాలికి బదులు స్వచ్ఛమైన ఆక్సిజన్‌తో హైడ్రోజన్‌ను కాల్చితే కొలిమి నిండా ఆవిరే. ఇవి ప్రయోగశాలలో తేలాల్సిన అంకెలు కావు. రసాయన సమీకరణం రాసి ఇంటర్ విద్యార్థి కూడా లెక్కవేయగలడు.

విశాఖ ఉక్కు లాంటి సమగ్ర కర్మాగారంలో పరిస్థితి కొంచెం వేరు. 1971లో ఇందిరాగాంధీ శంకుస్థాపన చేసి, 1992లో పీవీ నరసింహారావు జాతికి అంకితం చేసిన ఆ కర్మాగారం రాడ్లు, వైర్ రాడ్లు, స్ట్రక్చరల్ ఉక్కు చేస్తుంది. అలాంటి చోట రీహీటింగ్‌కు వాడేది ప్రధానంగా బొగ్గును కోక్‌గా మార్చేటప్పుడు వచ్చే కోక్ ఓవెన్ గ్యాస్, బ్లాస్ట్ ఫర్నేస్ గ్యాస్. కోక్ ఓవెన్ గ్యాస్‌లో సగానికి పైగా హైడ్రోజనే! దాన్ని కాల్చితే నీటి ఆవిరి 23 శాతం దాకా వస్తుంది. బ్లాస్ట్ ఫర్నేస్ గ్యాస్‌లో హైడ్రోజన్ బాగా తక్కువ, ఆవిరి కొద్ది శాతమే. రెండూ కలిపి వాడితే మధ్యలో ఎక్కడో ఉంటుంది. అంటే ఉక్కు మిల్లులకు హైడ్రోజన్ మంట పూర్తిగా పరాయిది కాదు. కానీ రెండు వాయువుల మిశ్రమానికి అలవాటు పడ్డ కొలిమి ఒక్కసారిగా శుద్ధ హైడ్రోజన్‌కు మారితే ఆవిరి రెట్టింపు దాటుతుంది.

ఆవిరి ఎక్కువైతే పొలుసు ఎందుకు పెరుగుతుంది? ఆవిరి లేని వేడిలో పొర పెరిగేకొద్దీ కొన్నిచోట్ల లోహం నుంచి విడిపడి చిన్న చిన్న ఖాళీలు ఏర్పడతాయి. ఆ ఖాళీలను దాటి ఇనుము బయటికి రాలేదు, కాబట్టి అక్కడ పెరుగుదల మందగిస్తుంది. ఆవిరి ఉంటే కథ మారుతుంది. ఖాళీలోకి చేరిన నీటి ఆవిరి లోపలి ఇనుముకు తన ఆక్సిజన్ ఇచ్చి హైడ్రోజన్‌గా మిగులుతుంది. ఆ హైడ్రోజన్ ఖాళీ అవతలి గోడకు వెళ్లి, అక్కడి ఆక్సైడ్ నుంచి ఆక్సిజన్ తీసుకుని మళ్లీ ఆవిరి అవుతుంది. తిరిగి లోపలికి వస్తుంది. ఈ రాకపోకలు ఆగకుండా సాగుతాయి కాబట్టి ఖాళీ ఇక అడ్డు కాదు. పైగా ఆవిరిలో పెరిగిన పొలుసు కాస్త మెత్తగా సాగుతూ లోహాన్ని గట్టిగా పట్టుకుంటుంది. దాన్ని వదిలించడానికి రోలింగ్‌కు ముందు కొట్టే అధిక పీడన నీటి జల్లు సరిపోకపోవచ్చు. ఉక్కులో సిలికాన్ ఎక్కువగా ఉంటే ఇంకో చిక్కు. సిలికాన్, ఇనుము కలిసిన ఆక్సైడ్ 1177 డిగ్రీల దగ్గర కరిగి, పొలుసు వేళ్లను లోహంలోకి దింపుతుంది. చల్లారాక అది ఊడదు. రోలింగ్‌లో లోపలికి నొక్కుకుపోయి మచ్చగా మిగులుతుంది.

పైపొరలో ఇనుము ఒక్కటే కాలదు, కార్బన్ కూడా కాలుతుంది. ఇది పొలుసు కన్నా తక్కువగా కనిపిస్తుంది కానీ కొన్ని వస్తువులకు ఎక్కువ ముఖ్యం. ఉదాహరణకు రైలు పట్టాలు. నాంపల్లి స్టేషన్‌కే వెళ్దాం. రైలు మార్గం అక్కడికి వచ్చి ఆగిపోతుంది. ప్లాట్‌ఫారం చివర నిలబడి పట్టాను చూస్తే చక్రం తగిలే తలభాగం తెల్లగా మెరుస్తుంటుంది, పక్కలు తుప్పు రంగులో ఉంటాయి. ఆ మెరిసే తలలో బలమంతా సుమారు 0.6 నుంచి 0.8 శాతం కార్బన్‌ది. పట్టా చేయడానికి దిమ్మెను వేడి చేసేటప్పుడు పైపొర నుంచి కార్బన్ పోతే ఆ తల మెత్తబడి త్వరగా అరుగుతుంది. నీటి ఆవిరి ఈ కార్బన్‌ను లాగేయగలదు. దాని ఆక్సిజన్ కార్బన్‌తో కలిసి కార్బన్ మోనాక్సైడ్‌గా ఎగిరిపోతుంది. స్ప్రింగులకూ బేరింగులకూ ఇదే భయం.

మరి హైడ్రోజన్ వద్దా? కచ్చితంగా కావాలి. కానీ లెక్క సరిగ్గా వేయాలి. ఓ మోస్తరు కొలిమికి టన్ను ఉక్కును వేడి చేయడానికి 1.2 గిగాజౌళ్ల సహజవాయువు పడుతుందనుకుందాం. దాన్నుంచి వచ్చే కార్బన్ డయాక్సైడ్ 67 కిలోలు. పునరుత్పాదక విద్యుత్తుతో చేసిన హైడ్రోజన్ వాడితే ఈ 67 కిలోలూ మిగులుతాయి. మంచిదే. మన దేశంలో టన్ను ముడి ఉక్కు తయారీకి సగటున వెలువడే కార్బన్ డయాక్సైడ్ సుమారు రెండున్నర టన్నులు. కొత్త మంట వల్ల పొలుసు నష్టం 0.2 శాతం పెరిగితే, పోయిన లోహం వెనుక ఉన్న కార్బన్ డయాక్సైడ్ 5 కిలోలు. అది పర్వాలేదు. నష్టం పూర్తిగా ఒక శాతం పెరిగితే 25 కిలోలు, అంటే మిగిల్చినదాంట్లో మూడో వంతుకు పైగా పొలుసులో పోయినట్టే. నిజంగా ఎంత పెరుగుతుందన్నది ఉక్కు రకం, ఉష్ణోగ్రత, సమయం, కొలిమిలో మిగిలిపోయే ఆక్సిజన్ మీద ఆధారపడి ఉంటుంది. కొలిమి దగ్గర కొలిస్తేనే తెలుస్తుంది.

కేంద్ర ఉక్కు మంత్రిత్వ శాఖ 2024 డిసెంబరులో హరిత ఉక్కుకు నిర్వచనం ప్రకటించింది. టన్ను తయారైన ఉక్కుకు కార్బన్ డయాక్సైడ్ 2.2 టన్నుల లోపు ఉంటేనే హరిత ఉక్కు. 1.6 లోపైతే అయిదు నక్షత్రాలు, 1.6 నుంచి 2 వరకు నాలుగు, 2 నుంచి 2.2 వరకు మూడు. ఇందులో నాకు నచ్చింది ‘తయారైన ఉక్కు’ అన్న కొలమానం. కొలిమిలో పొలుసై రాలినది తయారైన ఉక్కు లెక్కలోకి రాదు. దాని కార్బన్ మాత్రం మిగిలినదాని నెత్తిన పడుతుంది. 2.19 దగ్గర ఉన్న మిల్లు అదనంగా ఒక శాతం పొలుసుతో 2.21కి జారి ఉన్న మూడు నక్షత్రాలూ పోగొట్టుకుంటుంది.

స్వీడన్‌లోని హోఫోర్స్‌లో ఒవాకో అనే ఉక్కు సంస్థ 2020లో రోలింగ్‌కు ముందు ఉక్కును హైడ్రోజన్ మంటతో వేడి చేసి చూసింది, నాణ్యతలో తేడా రాలేదని ప్రకటించింది. 2023లో అక్కడే సొంత హైడ్రోజన్ ప్లాంటు ప్రారంభించింది. ఒవాకో ముఖ్యంగా బేరింగ్ ఉక్కు చేసే సంస్థ, పైపొర విషయంలో రాజీపడలేనిది. కాబట్టి ఈ పని సాధ్యమేనన్నది తేలిపోయింది. వారి ఉక్కుకు సరిపోయినది మన రాడ్డుకు, మన పట్టాకు యథాతథంగా సరిపోతుందని మాత్రం ముందే రాసుకోకూడదు.

రెండో మార్పు తుక్కుది. నా దృష్టిలో హైదరాబాద్‌కు హైడ్రోజన్ కన్నా ఇదే దగ్గరి సంగతి. ఈ నగరం చుట్టుపక్కల రాడ్లు చేసే చిన్న, మధ్యస్థాయి మిల్లుల్లో బ్లాస్ట్ ఫర్నేస్ ఉండదు. ఇండక్షన్ ఫర్నేస్‌లో తుక్కు ఇనుమునూ, ఖనిజాన్ని కరిగించకుండానే ఆక్సిజన్ తీసి చేసిన స్పాంజ్ ఐరన్‌నూ కరిగించి బిల్లెట్ పోస్తారు. పాత ఉక్కును మళ్లీ ఉక్కుగా మార్చడం కార్బన్ లెక్కలో అన్నిటికన్నా తేలికైన దారి. అయితే తుక్కుతోపాటు రాగి వస్తుంది. పాత కారును నలిపినప్పుడు మోటారు చుట్టల తీగ, వైరింగు పూర్తిగా వేరు కావు. కరిగాక రాగిని తీయడానికి ఆర్థికంగా గిట్టే దారి ఇంతవరకు లేదు. ఇనుము కన్నా రాగికి ఆక్సిజన్ మీద మోజు తక్కువ కాబట్టి ఆక్సిజన్ ఊదితే ముందు ఇనుమే కాలిపోతుంది.

రీహీటింగ్ కొలిమిలోనూ జరిగేది ఇదే. ఇనుము పొలుసై బయటికి వెళ్లిపోతుంది, రాగి వెళ్లదు. చెరకు రసం కాగుతుంటే నీరు పోయి తీపి చిక్కబడినట్టు, పొలుసుకూ లోహానికీ మధ్య రాగి చిక్కబడుతుంది. ఉక్కులో 0.3 శాతం రాగి ఉండి, ఒక మిల్లీమీటరు లోహం పొలుసైపోతే, అందులోని రాగంతా చేరితే ఏర్పడే పొర మందం సుమారు 2.6 మైక్రాన్లు. వినడానికి ఏమీ కాదు. కానీ రాగి 1085 డిగ్రీలకే కరుగుతుంది, కొలిమి అంతకన్నా వేడిగా ఉంటుంది. కరిగిన రాగి ఉక్కు రేణువుల మధ్య సందుల్లోకి పాకుతుంది. అప్పుడు రోలర్ల కింద పెట్టగానే పైభాగం సన్నగా బీటలు వారుతుంది. తగరం కూడా ఉంటే పరిస్థితి మరింత చెడుతుంది, నికెల్ ఉంటే కాస్త కుదుటపడుతుంది. రాడ్లకు సుమారు 0.4 శాతం దాకా రాగి భరించవచ్చు. కారు రేకు చేయాలంటే 0.1 శాతం లోపే ఉండాలి.

హరిత ఉక్కుకు వెళ్లే రెండు దారులూ పైపొర దగ్గర కలుస్తాయి. ఆవిరి మంటలో పొలుసు వేగంగా పెరిగితే, రాగి లోపలి లోహంలోకి ఇంకిపోయే తీరిక లేక అక్కడే పేరుకుంటుంది. తుక్కు వాడకం ఒకరి బాధ్యత, కొలిమి ఇంధనం మరొకరి బాధ్యత అని పంచుకుని ఎవరికి వారు మార్పులు చేసుకుపోయే మిల్లులో ఈ బీటకు కారణం దొరకడం చాలా కష్టం.

రాగికి విరుగుడు స్పాంజ్ ఐరన్. ఖనిజం నుంచి నేరుగా వచ్చినది కాబట్టి అందులో రాగి దాదాపు ఉండదు, తుక్కులో కలిపితే రాగి శాతం పలుచబడుతుంది. ఇందులో తెలంగాణకు చిన్నది కాని పాత్ర ఉంది. పాల్వంచలో 1980లో ఉత్పత్తి మొదలుపెట్టిన స్పాంజ్ ఐరన్ ఇండియా లిమిటెడ్ దేశంలో ఈ దారి తెరిచిన తొలి ప్లాంటు. 2010లో అది ప్రభుత్వ గనుల సంస్థ ఎన్ఎండీసీలో కలిసింది. నాంపల్లికి దగ్గర్లోనే, మాసబ్ ట్యాంక్‌లో ఎన్ఎండీసీ ప్రధాన కార్యాలయం. పాల్వంచలో ఖనిజం నుంచి ఆక్సిజన్ తీయడానికి బొగ్గు వాడారు. ఇప్పుడు ప్రపంచం ఆ బొగ్గు స్థానంలో హైడ్రోజన్ పెట్టాలని చూస్తోంది. అలా వచ్చిన స్పాంజ్ ఐరన్ తుక్కుకు తోడైతే కార్బన్ తగ్గుతుంది, రాగి బీటలూ తగ్గుతాయి.

పైపొరను కాపాడుకోవడం మన నేలకు కొత్త విద్య కాదు. నిజామాబాద్ జిల్లా కోనసముద్రంలో తయారైన ఉక్కు కోసం ఇరాన్ వర్తకులు వచ్చేవారని పంతొమ్మిదో శతాబ్ది తొలిభాగంలో ఆ ఊరు చూసిన భూగర్భ శాస్త్రవేత్త హెన్రీ వోయ్‌సీ రాశాడు. అక్కడి పనివారు రెండు రకాల ఇనుమును గాజు ముక్కలతో కలిపి మట్టి మూసలో పెట్టి, మూత బిగించి కరిగించేవారు. గాజు కరిగి లోహం మీద కప్పులా నిలుస్తుంది. మూత గాలిని ఆపుతుంది. తరువాత ఆ ఉక్కు బిళ్లకు మట్టి పూసి, గంటల తరబడి కాల్చి, చల్లార్చి, మళ్లీ కాల్చేవారు. నాంపల్లి పబ్లిక్ గార్డెన్స్‌లోని పురావస్తు మ్యూజియంలో పాత ఆయుధాలు చూసేటప్పుడు ఈ మట్టి పూత గుర్తుంటే మంచిది. ఇవాళ కొన్ని మిల్లులు దిమ్మె మీద చల్లే రక్షక పూతలు కూడా ఆ పనే చేస్తాయి, రసాయనాలు వేరు.

పూతల కన్నా ముందు చేయగలిగినవి ఉన్నాయి. అన్నిటికన్నా మేలైనది మళ్లీ వేడి చేయకపోవడమే. పోసిన బిల్లెట్ ఎర్రగా ఉండగానే నేరుగా రోలింగ్‌కు పంపితే రీహీటింగ్ కొలిమి, దాని ఇంధనం, దాని పొలుసు మూడూ తప్పుతాయి. దేశంలో ఎన్నో చిన్న మిల్లులు ఇప్పటికే ఇలా చేస్తున్నాయి. వేడి చేయక తప్పనిచోట ఇండక్షన్ కాయిల్‌తో నిమిషాల్లో వేడి చేయవచ్చు. పొలుసు పెరగడానికి సమయమే దొరకదు. హైడ్రోజన్ మంటే వాడితే, అధికంగా పంపే గాలిని తగ్గించి, చివరి దశలో బిల్లెట్ ఉండే సమయాన్ని కుదించాలి. రోలర్లు ఆగిపోయిన ప్రతిసారీ కొలిమి వేడి తగ్గించే అలవాటు రావాలి. మిల్లు ఆగిన అరగంటలో కూడా పొలుసు పెరుగుతూనే ఉంటుంది.

వీటన్నిటికీ ముందు కొలత ఉండాలి. అందుకు పెద్ద ప్రయోగశాల అక్కర్లేదు. ఒక ఉక్కు ముక్కను శుభ్రంగా తూచి, బిల్లెట్‌తోపాటే కొలిమి గుండా పంపి, బయటికి వచ్చాక పొలుసంతా వదిలించి మళ్లీ తూచాలి. అదే ముక్కను అడ్డంగా కోసి, నునుపు చేసి, సూక్ష్మదర్శిని కింద అంచు దగ్గర రాగి చారలు, కార్బన్ పోయిన మెత్తని పొర ఉన్నాయేమో చూడాలి. ఇంధనం మార్చే ముందు ఒకసారి, మార్చాక ఒకసారి. ఆ రెండు తూకాల తేడాను కొలిమి ఇంధన ఖాతా పక్కనే రాసుకుంటే, ఆ మిల్లు మిగిల్చిన 67 కిలోల్లో ఎన్ని నిజంగా మిగిలాయో తెలుస్తుంది.